అలల అడుగున ఆడుతున్న రంగుల బొమ్మ

మన సినిమాల్లో సముద్రానికి ఎప్పుడూ ఒకటే వేషం! గమనించారా మీరు?

హీరో హీరోయిన్లు చేతులు పట్టుకుని పరుగెత్తాలా? సముద్రం. మనసు విరిగిన కథానాయకుడు గెడ్డం పెంచుకుని ఒంటరిగా కూర్చోవాలా? సముద్రం. విలన్‌గారి దొంగ బంగారం అర్ధరాత్రి దిగాలా? అదీ సముద్రమే. పాపం, దానికి టైటిల్స్‌లో పేరు పడదు. పారితోషికం అడగదు. కాల్షీట్ల పేచీ అసలే లేదు. మేకప్ అక్కర్లేకుండా ఉదయం ఒక అందం, సాయంత్రం ఒక అందం చూపించి, వెనకాల వినయంగా నిలబడుతుంది.

బాలచందర్‌గారు 1978లో "మరో చరిత్ర" తీసి విశాఖ, భీమిలి తీరాలని కుర్రకారుకి యాత్రాస్థలాలు చేసేశారు. రంగుల సినిమాలు రాజ్యమేలుతున్న రోజుల్లో నలుపు తెలుపులో తీసినా ఆ అలల హోరుని జనం మరచిపోలేదు. 2021లో "ఉప్పెన" వచ్చింది. 2025లో శ్రీకాకుళం మత్స్యకారుల కథతో "తండేల్" వచ్చింది. కథలు మారాయి, హీరోలు మారారు, కెమెరాలూ మారాయి. కానీ హాలు బయటికొచ్చాక మనకి గుర్తుండిపోయే సముద్రం మాత్రం అలల పైభాగమే. అంటే తెర ముందు భాగమే నన్నమాట! మరి ఆ తెర వెనకాల ఏం ఆడుతోంది?

ఆ తెర ఎత్తి లోపలికి తొంగి చూసే అవకాశం నాకీమధ్య దొరికింది. చూశాక ఒక్కటే అనిపించింది. ఇంత పెద్ద సెట్టింగు, ఇన్ని రంగులు, ఇంత తారాగణం వున్న చిత్రాన్ని ఒకే ఒక్క ప్రింటు మీద ఆడిస్తున్నారు! నెగటివ్ లేదు. ఆ ప్రింటు కాస్తా పాడైతే మళ్ళీ తీసే నిర్మాత లేడు. ఆ సంగతి మీతో చెప్పుకోవాలనే ఈ వ్యాసం.

మోకాలు దాటని సముద్రం

ముందు నాకూ సముద్రానికీ వున్న చుట్టరికం చెప్పాలి. లేకపోతే "నాలుగు చేపల్ని చూసి ఈవిడ ఇంత హడావిడి చేస్తుందేమిటి?" అనుకుంటారు మీరు.

మాది బందరు దగ్గర పల్లెటూరు. మాకు సముద్రమంటే మంగినపూడి. మంగినపూడి అంటే కార్తీక పున్నమి. ఏడాది మొత్తానికి ఆ ఒక్క రోజే సముద్రస్నానం. ముందు రోజు రాత్రే రెండెడ్ల బండిలో గడ్డి పరిచి, దాని మీద దుప్పటి వేసి, పిల్లల్ని మూటల్లా సర్దేవారు. పెద్దవాళ్ళకి ఉపవాసం కాబట్టి పులిహోర గిన్నె మీద సర్వహక్కులూ మావే. నాయనమ్మ ఒళ్ళో కొబ్బరికాయ, పసుపూ కుంకుమా, అరటి దొప్పలు. దారి పొడుగునా బండ్లే బండ్లు, బండి కింద ఊగే లాంతర్లు. చుక్కలు చూస్తూ చూస్తూ ఎప్పుడు నిద్రపోయేవాళ్ళమో తెలియదు. మెలకువ వచ్చేసరికి చెవుల్లో హోరు!

మంగినపూడి తీరం సినిమాల్లో చూపించే తెల్ల ఇసక తీరం కాదు. నల్లమట్టి. నీళ్ళు కూడా పాలు తక్కువైన టీ రంగులో వుండేవి. చాలా దూరం దాకా లోతు లేదు కాబట్టి లక్షల జనం అక్కడ మునకలు వేస్తారు. మా అన్నయ్యలు నడుములోతు దాకా పోయి, అల వచ్చినప్పుడల్లా కేకలు పెడుతూ ఎగిరేవారు. ఆడపిల్లలకి మాత్రం మోకాళ్ళే సరిహద్దు. "ఒసేయ్, మోకాలు దాటావంటే కాళ్ళు విరగ్గొడతా!" అంటూ నాయనమ్మ నా జడ కొస చేత్తో పట్టుకునే నిలబడేది.

ఆవిడదే ఇంకో శాసనం కూడా వుంది. పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని తాకకూడదు. "ఆయన పెద్దమనిషే! ఊరికే ఊరికే చెయ్యి వేస్తే ఊరుకోడు" అనేది. పున్నమి నాడైనా సరే, పసుపు కుంకుమ వేసి, దణ్ణం పెట్టి, అడిగి మరీ దిగాలి.

దిగి కిందికి చూస్తే నా కాళ్ళు నాకే కనిపించేవి కావు. "అడుగున ఏముంటుందే నాయనమ్మా?" అంటే "ఏముంటుంది, నాగలోకం" అనేది ఆవిడ. నేను నమ్మేశాను! నమ్మకేం చేస్తాను? టూరింగు టాకీసులో నేల టిక్కెట్టు మీద కూర్చుని చూసిన జానపద చిత్రాల్లో ఆ లోకం కనిపిస్తూనే వుండేదిగా. అట్టతో చేసిన పెద్ద పెద్ద ఆల్చిప్పలు తెరుచుకుంటాయి, లోంచి నాగకన్యలు లేచి నాట్యం చేస్తారు. నా కాళ్ళ కింద కూడా అదే జరుగుతోందని నా నమ్మకం.

ఆ ఏడు పున్నమి లేదు

1977 నవంబరు 19. నాకు పదేళ్ళు. కార్తీక పున్నమికి ఇంకా ఆరు రోజులు వుంది. ఆ రోజు దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది.

మీలో చాలామంది అప్పటికి పుట్టి వుండరు. వేలకి వేలు జనం ఒక్క పూటలో కొట్టుకుపోయారు. మా నాయనమ్మ చెల్లెల్ని ఇచ్చింది ఆ సీమలోని ఒక పల్లెకే. ఆ చిన్న నాయనమ్మ, ఆవిడ కోడలు, ఇద్దరు పసిపిల్లలు... ఎవరూ దొరకలేదు. వెతకడానికి వెళ్ళిన నాన్న నాలుగు రోజుల తరవాత తిరిగొచ్చి, వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. ఏం చూశారో ఆ రోజూ చెప్పలేదు, ఆ తరవాతా చెప్పలేదు.

సినిమా రంగం కూడా అప్పుడు కదిలి వచ్చింది. ఎన్.టి. రామారావుగారు, అక్కినేని నాగేశ్వరరావుగారు జోలె పట్టి జనం మధ్యకి వచ్చి విరాళాలు పోగుచేశారు. తెర మీద దేవుళ్ళుగా చూసినవాళ్ళు బాధితుల కోసం రోడ్డు మీద చెయ్యి చాపారు. ఆ కబురు విని మా నాయనమ్మ కొంగున ముడివేసి వున్న రూపాయి బిళ్ళ విప్పి, బందరు వెళ్ళే మనిషి చేతిలో పెట్టడం నాకు గుర్తు.

ఆ తరవాత మా ఇంట్లో కార్తీక స్నానం బావి దగ్గరే. నాయనమ్మ బతికున్నంత కాలం మళ్ళీ సముద్రం మొహం చూడలేదు, మమ్మల్నీ చూడనివ్వలేదు. ఆవిడ పోయాక అడ్డు చెప్పేవాళ్ళు లేకపోయినా నా కాళ్ళు కదల్లేదు. "ఉప్పెన" అనే పోస్టరు చూసి మీరు ప్రేమకథ అనుకుని వుంటారు. మా వైపు వాళ్ళకి ఆ మూడక్షరాలు చూడగానే ఒక్క క్షణం గుండె ఝల్లుమంది. అలా నా సముద్రం మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది, దాదాపు యాభై ఏళ్ళు!

మేనకోడలి పంతం

ఆగిపోయిన సినిమాని మళ్ళీ నడిపించింది మా మేనకోడలు. ఇరవై రెండేళ్ళ పిల్ల. సినిమా పిచ్చిది. "అత్తా, 'ఫైండింగ్ నెమో' నాతో కూర్చుని నాలుగుసార్లు చూశావుగా? ఆ చేపని నిజంగా చూపిస్తా, పద!" అని నన్ను అడక్కుండానే అండమాన్‌కి విమానం టిక్కెట్లు కొనేసింది.

"ఇంత సముద్రం మనకుండగా అండమాన్ దాకా ఎందుకే?" అన్నాను. ఎందుకంటే, మన తీరంలో పెద్ద పగడాల దిబ్బలు లేవు. పగడాలకి కావలసినవి ముఖ్యంగా మూడు: ఉప్పు నీరు, ఎండ వెలుతురు, తేటదనం. మన గోదావరి, కృష్ణ ఏటా కొండంత ఒండ్రునీ, మంచినీళ్ళనీ తెచ్చి తీరం పొడుగునా కలుపుతాయి. మనకి అన్నం పెట్టే ఆ ఒండ్రే పగడానికి ఊపిరాడనివ్వదు. చిన్నప్పుడు నా కాళ్ళు నాకు కనిపించకపోవడానికి కారణం కూడా అదే నన్నమాట! మన దేశంలో పేరున్న పగడాల దిబ్బలు నాలుగు చోట్ల వున్నాయి. గుజరాత్‌లో కచ్ సింధుశాఖ, తమిళనాడులో మన్నార్ సింధుశాఖ, అటు లక్షదీవులు, ఇటు అండమాన్ నికోబార్.

పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. "కాలాపానీ" (1996) చూసినవాళ్ళు అక్కడి సెల్యులార్ జైలు గోడల్ని ఇట్టే గుర్తుపడతారు. మోహన్‌లాల్ హీరోగా ప్రియదర్శన్ తీసిన ఆ చిత్రం షూటింగు అక్కడ జరిగింది. ఇంకో తమాషా! పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్లూ, సముద్రమూ, లైట్‌హౌసూ వుండేవి, గుర్తుందా? అది అక్కడి నార్త్ బే దృశ్యమే. అండమాన్ సముద్రాన్ని మనం తెలియకుండానే ఎన్నేళ్ళు జేబులో పెట్టుకుని తిరిగామో చూడండి!

ఆ వూళ్ళో తెలుగు వినిపిస్తే ఆశ్చర్యపోకండి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరాల కిందటే వేటకి వెళ్ళి స్థిరపడ్డ కుటుంబాలు చాలా వున్నాయి. అక్కణ్ణించి స్టీమరెక్కి స్వరాజ్ ద్వీప్‌కి వెళ్ళాం. 2018 దాకా దాన్ని హేవ్‌లాక్ అనేవారు. మర్నాడు పొద్దున్నే చిన్న పడవలో ఎలిఫెంట్ బీచికి చేరాం. ఒడ్డున మోడువారిన మహావృక్షాలు వేళ్ళతో సహా పడి వున్నాయి, 2004 డిసెంబరు 26 సునామీ గుర్తులు. అవి చూడగానే నాకు వెన్ను జలదరించింది. తిరిగి పడవెక్కేద్దామా అనుకున్నాను.

"ఏటమ్మా, భయమేస్తందా?"

మమ్మల్ని నీళ్ళలోకి తీసుకువెళ్ళవలసిన కుర్రాడు! పాతికేళ్ళుంటాయేమో. "తెలుగువాడివా నాయనా?" అన్నాను. "మాది సీకాకులం కాడ పల్లె. మా తాత ఏటకొచ్చి ఇక్కడే వుండిపోనాడు. నేను పుట్టిందిక్కడే" అన్నాడు నవ్వుతూ. ఆ క్షణం నుంచి నన్ను "పిన్నీ" అనడం మొదలుపెట్టాడు. యాభై ఏళ్ళ భయం ముందు ఒక్క "పిన్నీ" ఎంత బలమో చెప్పలేను.

ముఖానికి అద్దం, నోట్లో గొట్టం

ఈ విద్య పేరు స్నార్కెలింగ్. ఈత రావాలని లేదు, తోడు మనిషీ, తేలించే జాకెట్టూ వుంటే చాలు. కళ్ళనీ ముక్కునీ కప్పేసే అద్దం ఒకటి, పైకి తేలే వంపు గొట్టం ఒకటి. బోర్లా తేలుతూ ముఖం నీళ్ళలో పెట్టి, నోటితో గాలి పీల్చాలి. అంతే! "అవతార్" రెండో భాగం (2022) కోసం కేట్ విన్స్‌లెట్ నీళ్ళ తొట్టిలో ఏడు నిమిషాలకి పైగా ఊపిరి బిగబట్టిందట. మనకా తిప్పలు లేవు.

చెప్పడం తేలికే. మొదటిసారి నోట్లో అంతా ఉప్పే! రెండోసారి దగ్గు. మూడోసారికి ఊపిరి కుదురుకుంది. ట్యూబు పట్టుకుని తేలుతున్నాను. తాడు కుర్రాడి చేతిలో వుంది. మోకాలు దాటింది. నడుం దాటింది. భుజం దాటింది. మెల్లగా కళ్ళు తెరిచి కిందికి చూశాను.

నా కాళ్ళు నాకు కనిపించాయి!

నవ్వకండి. జీవితంలో మొదటిసారి. గాజులా తేట నీళ్ళలో నా పాదాలు, వాటి కింద ఇంకా లోతున నేల, ఆ నేల మీద...

ఎక్కణ్ణించి చెప్పను? జింక కొమ్ముల్లాంటి కొమ్మలు. మనిషి మెదడులా మడతలు పడ్డ బండలు. విసనకర్రలు. వాటి సందుల్లో పసుపూ నలుపూ చారల సీతాకోక చేపలు జంటజంటగా తిరుగుతున్నాయి. ఆకుపచ్చ నీలం కలిసిన చిలక చేపలు ముక్కుతో పగడపు రాయిని కరుస్తున్నాయి. ఆ నమిలిన రాయే పొట్టలో పిండి అయి ఇసకగా బయటికొస్తుంది. దీవుల చుట్టూ మనం ముచ్చటపడి ఫోటోలు తీసుకునే ఆ తెల్లటి ఇసకలో బోలెడంత వాటి ప్రసాదమేనట!

చప్పుడు కూడా వుందండోయ్. చెవులు నీళ్ళలో మునగగానే పటపటమని ఒకటే చిటపటలు. చిటికెలు వేసే చిన్న రొయ్యలూ, రాయి కొరికే చేపలూ కలిసి చేసే సంగీతం అది. ఇంటర్వెల్ తరవాత చీకట్లో హాలంతా వేరుశనక్కాయలు ఒలుస్తున్నట్టుగా వుంది!

నీళ్ళలో అద్దంలోంచి చూస్తే ప్రతిదీ మూడో వంతు పెద్దగా, పావు వంతు దగ్గరగా కనిపిస్తుంది. ప్రకృతి పెట్టిన క్లోజప్ అది! లోతుకి పోయేకొద్దీ మాత్రం ఎరుపు రంగు ముందుగా మాయమవుతుంది, తరవాత నారింజ, పసుపు. నీటి అడుగున సినిమా తీసేవాళ్ళు దీపాలు పట్టుకుపోయేది అందుకే. పైపైన తేలేవాళ్ళకి ఆ చిక్కు లేదు. అసలు రంగులన్నీ మనవే.

"అత్తా! నెమో!" అని పక్కనుంచి మేనకోడలు గొట్టంలోంచే అరిచింది. అవును, నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలు. సీ ఎనిమోన్ అనే ప్రాణి కుచ్చుల్లాంటి చేతుల మధ్య దోబూచులాడుతోంది. ఆ కుచ్చులు తగిలితే మిగతా చేపలకి విషం. దీనికి మాత్రం అదే ఇల్లు. ఈ చేప కుటుంబంలో అన్నిటికన్నా పెద్దది ఆడది. అది పోతే పెద్ద మగ చేప ఆడ చేపగా మారిపోతుంది! ఆ లెక్కన సినిమాలో తల్లి పోయాక నెమో తండ్రి ఏమవ్వాలో ఆలోచించండి. 2003లో తీసినవాళ్ళు ఆ సీను తెలివిగా దాటేశారు.

ఇంకొంచెం ముందుకెళ్ళాక ఇసకలో ఒక రాక్షసి ఆల్చిప్ప. నోరు తెరుచుకుని వుంది. అంచుల్లో నీలం, ఊదా, ఆకుపచ్చ నిగనిగలు. నా నీడ పడగానే మెల్లగా మూసుకుంది. నాగకన్య లేదు గానీ, మా టూరింగు టాకీసు కళాదర్శకుడు అబద్ధం చెప్పలేదు! నాయనమ్మ కూడా చెప్పలేదు.

సెట్టింగు వేసిందెవరు?

పగడం అంటే మనకి నవరత్నాల్లో ఒకటి. కుజుడికి ఉంగరం. ఆ ఎర్ర పగడం వేరు. లోతైన నీళ్ళలో, మధ్యధరా సముద్రం లాంటి చోట్ల పెరిగే జాతి అది. దిబ్బలు కట్టే పగడాలు ఇంకో రకం. చూడటానికి రాయి, తాకితే రాయి, కానీ అది చెట్టూ కాదు, రాయీ కాదు. జంతువు! ఆవగింజంత మొదలుకుని వుండే లక్షల ప్రాణులు పక్కపక్కన చేరి, తమ చుట్టూ సున్నపు గూళ్ళు కట్టుకుంటూ పోతే తయారయ్యే కాలనీ అది. గుండ్రటి బండల్లాంటి పగడాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయి. అంటే మీరు కౌగిలించుకునేంత బండ వుందంటే, ఎన్నో దశాబ్దాల నుంచీ దాని షూటింగు సాగుతోందన్నమాట!

మరి రంగు ఎవరిది? ఆ ప్రాణి ఒంట్లో కంటికి కనిపించనంత సన్నటి పాచి మొక్కలు కాపురముంటాయి. అవి ఎండలో అన్నం వండి ఇంటివాళ్ళకి పెడతాయి. ఇంటివాళ్ళు వాటికి నీడనిస్తారు. ఎక్కువ భాగం రంగు ఆ అద్దెవాళ్ళదే. సముద్రపు అడుగు మొత్తంలో ఈ దిబ్బలున్న జాగా నూటికి ఒక వంతు కూడా లేదు. అయినా సముద్ర జీవుల జాతుల్లో నాలుగో వంతుకి ఏదో ఒక దశలో ఇదే ఆశ్రయం.

ఇంకో మాట. ఈ దిబ్బలు ఒడ్డుకి కాపలా కూడా. బయటి నుంచి వచ్చే అల బలాన్ని చాలా మటుకు ఇవే విరగ్గొట్టి, మెత్తబరిచి ఒడ్డుకి పంపుతాయి. మన తీరంలో ఆ పని కొంత మడ అడవులు చేస్తాయి. కుర్రాడు ఈ సంగతి చెబుతుంటే నాకు చిన్న నాయనమ్మ ఊరు గుర్తొచ్చింది. సముద్రానికీ మనిషికీ మధ్య ఏదో ఒకటి నిలబడి వుండాలి. అది రాయి కావచ్చు, చెట్టు కావచ్చు.

రంగు వెలిసిన రీలు

తిరిగి వస్తుంటే ఒక చోట కుర్రాడు తాడు ఆపి వేలితో చూపించాడు. జింక కొమ్ముల పగడమే. కానీ తెల్లగా, ఎముకలా. ఇంకొంచెం అవతల విరిగి, నాచు పట్టి, బూడిద రంగులో కుప్పగా పడి వుంది. రంగుల రీలు మధ్యలో హఠాత్తుగా నలుపు తెలుపు రీలు కలిపినట్టు!

ముఖం పైకెత్తి అడిగాను. "ఏమైంది?"

"ఎండ పిన్నీ. నీళ్ళు కాగిపోతే ఇలాగైపోద్ది. రెండువేల పదిలో అంతా తెల్లగా అయిపోనాదని మా నాన చెప్తాడు. పదహారులో నేను సూసినాను. కొన్ని మల్లీ బతికినాయి. కొన్ని నేదు."

సంగతి ఇది. వేసవిలో మామూలుగా వుండే వేడి కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువై, అది కొన్ని వారాలు అలాగే వుంటే చాలు, పగడం తన ఒంట్లోని పాచిని బయటికి వెళ్ళగొట్టేస్తుంది. రంగు పోతుంది, అన్నమూ పోతుంది. అప్పటికి ఇంకా చావదు. నీళ్ళు త్వరగా చల్లబడితే పాచి తిరిగొస్తుంది, రంగూ తిరిగొస్తుంది. చల్లబడకపోతే ఆకలితో చచ్చిపోతుంది. ప్రపంచమంతా ఒకేసారి ఇలా తెల్లబారడం 1998లో జరిగింది, 2010లో జరిగింది, 2014 నుంచి 2017 దాకా జరిగింది. 2023లో మొదలైంది నాలుగోది. అందులో ప్రపంచపు పగడాల దిబ్బల్లో నూటికి ఎనభై వంతులకి పైగా ఆ వేడి తగిలింది. కారణం దాచిపెట్టేది కాదు. మనం కాల్చే బొగ్గు, పెట్రోలు పొగతో భూమి కాగుతోంది, ఆ వేడిలో సింహభాగం సముద్రం మింగుతోంది. తుఫాన్లకి మేత కూడా ఆ వేడి నీళ్ళే.

యాభై ఏళ్ళుగా సముద్రం మాకు ఏం చేసిందో తలుచుకుంటూ నేను దూరంగా వున్నాను. సముద్రానికి మనం ఏం చేస్తున్నామో ఆ తెల్ల కొమ్మల మీద తేలుతూ చూశాను. రెండో లెక్క మొదటిదాన్ని కొట్టెయ్యదు. చిన్న నాయనమ్మ తిరిగి రాదు. కానీ లెక్కలు రెండూ వున్నాయని తెలియాలిగా!

నిశ్శబ్ద లోకంలో డైనమైట్

సముద్రం లోపలి సినిమాని లోకానికి మొట్టమొదట గొప్పగా రంగుల్లో చూపించినవాళ్ళలో ముఖ్యుడు ఫ్రాన్స్ దేశపు జాక్ కుస్తో. నీళ్ళలో ఊపిరి పీల్చే సిలిండరు పరికరాన్ని 1943లో ఎమిల్ గాన్యాన్‌తో కలిసి తయారుచేసింది ఆయనే. కుర్ర దర్శకుడు లూయీ మాల్‌తో కలిసి తీసిన "ది సైలెంట్ వరల్డ్" 1956లో కేన్స్ ఉత్సవంలో అగ్ర బహుమతి కొట్టేసింది. డాక్యుమెంటరీకి ఆ బహుమతి రావడం అదే మొదలు.

ఆ సినిమాలోనే ఒక దృశ్యం వుంది. దిబ్బ మీద ఎన్ని రకాల చేపలున్నాయో లెక్కపెట్టడానికి అక్కడే డైనమైట్ పేలుస్తారు! చచ్చి తేలిన చేపల్ని ఏరి లెక్క రాసుకుంటారు. ఆ రోజుల్లో అది తప్పని చాలామందికి తోచలేదు. అదే కుస్తో తరవాతి రోజుల్లో సముద్ర రక్షణ కోసం ప్రపంచమంతా తిరిగి ప్రచారం చేశాడు. ప్రేమించడం వేరు, కాపాడటం వేరు. రెండోది నేర్చుకోవాలి.

మన సినిమా వాళ్ళకి ఈ బాధ తెలియంది కాదు. తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" 1932లో విడుదలైంది. ఇవాళ దాని ప్రింటు లేదు. పేర్లున్నాయి, ప్రకటనలున్నాయి, బొమ్మ లేదు. తాతలు చూశారట, మనం చూడలేదు. పగడాల దిబ్బ గురించి మీ మనవలు ఆ మాట అనకూడదు.

చూడబోయేవాళ్ళకి

వెళ్ళకండి అని నేననను. వెళ్ళండి! డబ్బు కూడబెట్టుకునైనా వెళ్ళండి. మేనత్తలుంటే లాక్కుపోండి. కానీ హాల్లో సీట్లు చింపనట్టే, అక్కడా కొన్ని మర్యాదలు. పగడం మీద నిలబడకండి. కాళ్ళు కొట్టుకునేటప్పుడు కింద ఏముందో చూసుకోండి. ఒక్క అడుగు పడితే ఇరవై ఏళ్ళ పెరుగుదల విరిగిపోవచ్చు. చేపలకి బిస్కెట్లు, రొట్టెముక్కలు వెయ్యకండి. ఒంటికి పూసుకునే ఎండ క్రీముల్లో కొన్ని మందులు పగడానికి చేటు. హవాయి రాష్ట్రం అలాంటివాటి అమ్మకాన్ని 2021 నుంచి ఆపేసింది. పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే ఆ క్రీము అవసరమే సగం తగ్గుతుంది. జ్ఞాపకానికని ఒక్క ముక్క కూడా జేబులో వేసుకోకండి. ఒడ్డున దొరికినా సరే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దిబ్బలు కట్టే పగడాలకి పులితో సమానమైన రక్షణ వుంది.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవడం కష్టమనుకుంటే మా నాయనమ్మ మాట ఒక్కటి పెట్టుకోండి. సముద్రం పెద్దమనిషి. ఊరికే ఊరికే చెయ్యి వెయ్యకూడదు. అడిగి దిగాలి. ఆవిడ నాగలోకమన్న చోట పగడాల లోకముంది, కావలసిన మర్యాద మాత్రం ఒకటే.

టిక్కెట్టు కొని, తాకకుండా చూసి రండి. ఆ బొమ్మ ఇంకా ఆడుతోంది!